వినబడని గజ్జె

నా పని జీవితమంతా సాంచెల షెడ్డులో గడిచింది. సోలాపూర్‌లో మా వాళ్ళు పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. అది చెడితే బాగు చేసేవాడు జాబర్. నేను జాబర్‌ను. టవల్ అంచులో పోగులు తేలినా, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరి నేల మీద పడినా, సాంచె ఊరికే ఆగిపోతున్నా కార్మికుడు చేయెత్తి పిలిచేది నన్నే. ఈ పనిలోకి ఇప్పుడు వస్తున్న మీరు నేర్చుకోవలసింది చాలా ఉంటుంది, అది మీ జాబర్లే నేర్పుతారు. వాళ్ళు నేర్పనిది ఒకటి నా దగ్గర ఉంది. నా కాలంలో నేనూ దాన్ని ఎవరికీ నేర్పలేదు. నేర్పకపోవడమే కాదు, అది పాటించే ఒకే ఒక్క మనిషిని కూడా షెడ్డులో లేకుండా చేశాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఒక సినిమా గురించి చెప్పాలి.

మాకు ఇంకా పెళ్ళిళ్ళు కాని రోజుల్లో అశోక్ చౌక్‌కు నడిచివెళ్ళే దూరంలో ఒక టాకీసు ఉండేది. వారం సెలవు నాడు పొద్దుటి ఆటగా అక్కడ తెలుగు సినిమా వేసేవారు. ఒకసారి ఒక జానపద చిత్రం వచ్చింది. జనం వదలకపోవడంతో నెలల తరబడి ప్రతి సెలవుకూ అదే ఆడింది. కోటలో గంటలు మోగించేవాడి కొడుకు, అతను ప్రేమించిన రాజకుమారి, ఆమెను ఎత్తుకుపోయిన మాంత్రికుడు. కథ అంతే. అట్టముక్కల కోట, దారాలకు వేలాడే మేఘాలు, కదిలితే రంగు రాలే రాక్షసుడు. అవి అట్టలనీ దారాలనీ మాకు అప్పుడే తెలుసు, వారమంతా దారాలతో పనిచేసేవాళ్ళం కదా. అయినా నోరు తెరుచుకుని చూశాం.

చివర్లో మాంత్రికుడు రాజకుమారి రూపంలోనే మరో ఆరుగురిని సృష్టిస్తాడు. అందరికీ మేలిముసుగులు వేసి, వరుసగా నిలబెట్టి, దీపాలు ఆర్పేస్తాడు. నీ మనిషి ఎవరో పట్టుకో, తప్పు చేయి పట్టుకుంటే రాయివైపోతావు అంటాడు. సంగీతం ఆగిపోతుంది. తెర మీద ఆ యువకుడి ముఖం తప్ప అంతా చీకటి. ఆ చీకట్లో ఒక కాలి గజ్జె ఒకే ఒక్కసారి, చాలా సన్నగా, మోగుతుంది. గంటల చప్పుళ్ళ మధ్య పెరిగినవాడు కాబట్టి అతను దాన్ని గుర్తుపట్టి అటువైపు నడుస్తాడు.

ఆ క్షణం కోసం టాకీసంతా బిగుసుకుపోయేది. పల్లీలు నమిలేవాళ్ళు నమలడం ఆపేవారు. చంటిపిల్లల తల్లులు ఆ సీను రాకముందే లేచి బయటికి పోయేవారు, ఎవరూ పొమ్మనక్కర్లేదు. గజ్జె మోగగానే ఈలలతో పైకప్పు రేకులు అదిరేవి.

నాతో ప్రతిసారీ ఆ సినిమాకు వచ్చినవాడు మా షెడ్డులోనే నేత కార్మికుడు. నా ఈడువాడు, జోడ్‌భావి పేట్‌లో ఉండేవాడు. అతన్ని ఇక్కడ స్నేహితుడు అని రాస్తున్నాను. ఆ మాట వాడే హక్కు నాకుందో లేదో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

షెడ్డులో మాట వినిపించదని మీకు తెలుసు. అక్కడ పెదవులు చూసి మాట తెలుసుకోవాలి, లేదా చేతులతో మాట్లాడాలి. మేమిద్దరం ఆ సినిమాను చేతులతో ఆడేవాళ్ళం. అతను తన సాంచెల మధ్య నిలబడి గడ్డం నిమిరినట్టు చేస్తే మాంత్రికుడు వచ్చాడని. నేను నూనె డబ్బా పట్టుకుని రాజకుమారిలా తల వంచేవాణ్ణి. వరుస చివరనున్న కార్మికులు నాడె మార్చుకుంటూనే నవ్వేవాళ్ళు. మాలక్, అంటే షెడ్డు యజమాని, తలుపులో కనబడితే అందరం ఒక్కసారి మళ్ళీ మామూలు మనుషులమైపోయేవాళ్ళం.

నా స్నేహితుడికి భజనల పిచ్చి. వారానికి ఒకసారి వాడలో హార్మోనియం ముందు కూర్చునేవాడు. షెడ్డు నుంచి వెళ్ళిన సాయంత్రం శ్రుతి సరిగ్గా అందడం లేదని అతనికి అనుమానం వచ్చింది. ఎవరు చెప్పారో, తనకే తోచిందో, పత్తిని కొబ్బరినూనెలో తడిపి, గట్టిగా ఉండచుట్టి రెండు చెవుల్లోనూ పెట్టుకుని పనికి రావడం మొదలుపెట్టాడు. చెవుల నుంచి తెల్లగా బయటికి కనబడేది.

నాకు అది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఇప్పుడు నిజాయితీగా చెప్పాలి. జాబర్‌కు ఉన్న పేరంతా చెవుల వల్లే వస్తుంది. వరుసలో నడుస్తూ ఒక్క సాంచె దెబ్బ తేడాగా పడినా ఆగి, ఇదిగో దీని పిక్కర్ అరిగింది అని చెప్పగలిగేవాడే జాబర్. పిక్కర్ అంటే నాడెను కొట్టి విసిరే ముక్క, అది అరిగితే దెబ్బ మొద్దుబారి వినిపిస్తుంది. నేను ఆ పనిలో మొనగాణ్ణని షెడ్లన్నీ అనేవి. అలాంటి నా ముందు ఒకడు చెవులు మూసుకుని తిరగడం నాకు అవమానంగా తోచింది. నేను వినేదాన్ని అతను అక్కర్లేదంటున్నట్టు.

మొదట వెక్కిరించాను. రాజకుమారిగారు వచ్చారు, మేలిముసుగు చెవులకు వేసుకున్నారు అని చేతులతో అందరికీ చూపించాను. అతను నవ్వాడు. తర్వాత ఒకరోజు అతని సాంచె మీద నాడె ఇరుక్కుని పడుగు చాలా మేర తెగింది. అది ఎవరి సాంచె మీదైనా జరుగుతుంది. నేను మాత్రం మాలక్ దగ్గరికి వెళ్ళి, చెవుల్లో పత్తి ఉండబట్టి చప్పుడు తేడా వినలేదు, అందుకే తెగిందని చెప్పాను. అది నిజమని అప్పుడు నాకు నిజంగానే అనిపించింది. మనకు కావలసింది నిజమని అనిపించడం ఎంత తేలికో నాకు అప్పటికి తెలియదు.

మర్నాటి నుంచి షెడ్డులో ఎవరూ చెవుల్లో ఏమీ పెట్టుకోకూడదని మాలక్ చెప్పాడు. అది అమలు చేయాల్సింది నేను. నా స్నేహితుడు మళ్ళీ పత్తితోనే వచ్చాడు. అందరూ చూస్తుండగా రెండు చెవుల్లోంచీ నేనే పత్తి లాగి కింద పడేశాను. అతను ఆ పూట పని పూర్తి చేసి, తన అన్నం డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత చేమగ్గం మీద చాదర్లు నేశాడు, ఆ మగ్గాలు మూతపడితే టవళ్ళు మడతపెట్టే పనికి వెళ్ళాడు. మా షెడ్డులో వచ్చినదానికన్నా ఎక్కువ కూలి అతనికి ఎక్కడా గిట్టలేదు. వాడలో ఎదురుపడితే పలకరించేవాడు. నేను కూడా పలకరించేవాణ్ణి. పత్తి మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

షెడ్డులో మాత్రం నా మాట వేదమైంది. నా చేతి కింద పని నేర్చుకున్న ప్రతివాడికీ చెవులు తెరిచి ఉంచు, సాంచె ఏం చెబుతోందో విను అని చెప్పాను. వాళ్ళలో మా అల్లుడు ఒకడు. మంచి పనివాడు. నేను పని మానేశాక నా చోట జాబర్ అయ్యాడు.

ఈమధ్య మా అమ్మాయి తన ఫోన్‌లో ఏదో వెతుకుతూ ఆ పాత సినిమా దొరికిందని చెప్పింది. మా ఇంట్లో ఆ సినిమా కథ తెలియనివాళ్ళు లేరు. మా ఆవిడ బీడీలు చుడుతూ నా దగ్గర ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఫోన్‌ను టీవీకి కలిపి సెలవు నాటి పొద్దున అందరం కలిసి చూద్దామని అమ్మాయి ఏర్పాటు చేసింది. నేనే జోడ్‌భావి పేట్‌కు వెళ్ళి నా స్నేహితుణ్ణి పిలిచాను. వస్తానన్నాడు. ఆ సినిమాను నాతో కాక ఇంకెవరితో చూస్తానన్నాడు.

చాప మీద వరుసగా కూర్చున్నాం. నేను, స్నేహితుడు, అల్లుడు. మా ఆవిడ చాట ఒళ్ళో పెట్టుకుని కొంచెం వెనక. అట్టకోట అట్టకోటలాగే ఉంది. మాటలు నాకు సరిగా అందడం లేదని కొంచెంసేపటికి గమనించాను కానీ, ముసలితనం అనుకున్నాను, పైగా నటుల పెదవులు చూస్తే చాలు నాకు. షెడ్డు నేర్పిన విద్య అది. పాటల్లో వేణువు ఉండాలి, అది వినిపించలేదు. పాత రికార్డు అరిగిపోయి ఉంటుందనుకున్నాను.

చివరి సీను వచ్చింది. దీపాలు ఆరాయి. గంటలవాడి కొడుకు తల పక్కకు వంచి నిలబడ్డాడు. నేను ఊపిరి బిగబట్టాను. నిలబడి, నిలబడి, ఉన్నట్టుండి అతను నడవడం మొదలుపెట్టాడు. గజ్జె మోగలేదు.

ఇక్కడ ఆవాజ్ పోయింది, వెనక్కి తిప్పు అని అమ్మాయితో అన్నాను. తిప్పింది. మళ్ళీ దీపాలు ఆరాయి, మళ్ళీ అతను నడిచాడు. పాడు కాపీ ఇది, అసలు చప్పుడే కోసేశారు అన్నాను. నేను స్నేహితుడి వైపు తిరిగాను. అతను మా అమ్మాయికి ఇంకోసారి తిప్పమని సైగ చేశాడు. ఈసారి నేను టీవీని కాకుండా అతని చేతిని చూశాను. దీపాలు ఆరిన కాసేపటికి అతని చూపుడువేలు నేల మీద ఒక్కసారి తాకింది. ఆ వెంటనే తెర మీదవాడు నడిచాడు.

"మంచిగ మోగింది," అన్నాడు నా వైపు తిరిగి, పెదవులు స్పష్టంగా కదుపుతూ. "అప్పుడు ఎట్ల మోగిందో గట్లనే."

మా ఆవిడ తల ఊపింది. బీడీలు చుట్టే ఆమెకు కూడా వినిపించింది. అమ్మాయికి వినిపించింది. అల్లుడు కూడా మోగింది మామా అన్నాడు. కానీ ఆ మాట అనేముందు అతను తన భార్య ముఖంలోకి చూశాడు. పక్కవాడి ముఖం చూసి జవాబు చెప్పడం నాకు బాగా తెలిసిన విద్య. ఎన్నో ఏళ్ళుగా నేనూ అదే చేస్తున్నాను.

అందరినీ కళ్ళు మూసుకోమన్నాను. గజ్జె వినబడిన వాళ్ళు చేయి ఎత్తాలన్నాను. నేను మాత్రం కళ్ళు తెరిచే ఉన్నాను, నాకు మూసుకున్నా ఒకటే. అమ్మాయి చేయి లేచింది, మా ఆవిడ చేయి లేచింది, నా స్నేహితుడి వేలు లేచింది. అల్లుడి చేయి ఒళ్ళోనే ఉంది. టీవీ ఆవాజ్ బాగా పెంచి మళ్ళీ వేయమన్నాను. ఈసారి అతని చేయి లేచింది. నా చెవులకు అప్పుడూ ఏమీ రాలేదు.

అల్లుడి చెవుల్లో ఇంకా ఏదో మిగిలి ఉందని నాకు అప్పుడు అర్థమైంది. నా చెవుల గురించి ఆ రోజు ఏడవలేదు. మిగిలి ఉన్నదాన్ని కాపాడాలన్న ఒక్క ఆలోచనే పట్టుకుంది.

స్నేహితుణ్ణి సందు చివరిదాకా సాగనంపాను. నీ చెవుల్లో పత్తి లాగినందుకు నన్ను క్షమించు అన్నాను. ఇన్నేళ్ళు ఆగి అడిగే మాట ఎలా ఉండాలో నాకు తెలియలేదు, అంతే అన్నాను.

"నేనేం డాక్టర్‌ను గాదు," అన్నాడు. "చెవులు వోతయని నాకెర్కనా? భజనల శ్రుతి తప్పుతుందని పెట్టుకున్న. నువ్వు పీకినవ్, నాకు కోపమొచ్చింది, ఇడిసిపెట్టి పోయిన. నీ పొగరు నీకు, నా అకడ్ నాకు. గిప్పుడు నాకేం మాఫీ జెప్తవ్, పోయి నీ అల్లునికి జెప్పు."

చెవుల డాక్టర్ దగ్గరికి ముందు నేను వెళ్ళాను. చెవులకు డబ్బాలు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమంది ఆమె. చాలాసేపు నేను మీట పట్టుకుని ఊరికే కూర్చున్నాను. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయనీ, మనుషుల మాట చివరన పోతుందనీ, అందుకే పోతున్న సంగతి ఎవరికీ తెలియదనీ ఆమె ఒక కాగితం మీద గీత గీసి చూపించింది. పోయినవి తిరిగి రావంది. షెడ్డులో చెవులు మూసుకోవడం ఒక్కటే దారి అంది. అక్కడి నుంచి నేరుగా వెళ్ళి రబ్బరు బిరడాలు తెచ్చాను, తాడుతో కలిపి ఉంటాయి, మెడలో వేలాడేసుకోవచ్చు. మా వాళ్ళు చూసిన మొదటిరోజే వాటికి బూచ్‌లు అని పేరు పెట్టారు.

అల్లుడు వాటిని ముట్టుకోలేదు.

"నువ్వే చెప్పినవ్ గద మామా," అన్నాడు. "జాబర్ అన్నోనికి చెవులే పనిముట్లు అని. గిప్పుడు బూచ్‌లు పెట్టుకోని తిరిగితే మాలక్ ఏమంటడు? వీని చెవులు ఖరాబైనయ్ అని ఇంకోన్ని తెచ్చుకుంటడు. నీ పని అయిపోయింది. నాది గాలే."

అతనన్నదాంట్లో తప్పు లేదు. నా మాటలే నాకు అప్పజెప్పాడు. దానికి జవాబుగా నేను డాక్టర్ గీసిన గీత గురించి చెప్పాను, అతను వినలేదు. అమ్మాయి చేత చెప్పించాను, ఇద్దరికీ గొడవైంది. అప్పుడు ఇంట్లో చెప్పడం మానేసి షెడ్డు గేటు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. షిఫ్టు పాళీ మారే వేళకు అక్కడి చాయ్ బండి దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ బూచ్‌లు చూపించాను. నా కాలం నాటి కార్మికుడు ఒకడు, ఇంకా సాంచెల మీదే ఉన్నాడు, నా చేతిలోవి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జాబర్ సాబ్, గా కాలంల పత్తి పీకింది నువ్వే, గిప్పుడు రబ్బర్ పెట్టుమన్నది నువ్వే," అన్నాడు. "నడుమల పోయిన చెవులు ఎవల ఖాతాల రాసుకోవాలె?"

అందరూ నవ్వారు. నాది తప్పే, నా ఖాతాలోనే రాసుకో అన్నాను. అతను నవ్వు ఆపి చాయ్ తాగాడు. మర్నాడు కూడా వెళ్ళాను. ఆ మర్నాడు కూడా. కొంతమంది నన్ను చూడగానే చెవుల్లో వేళ్ళు పెట్టుకుని వెక్కిరించేవారు. పూర్వం నేను నా స్నేహితుణ్ణి వెక్కిరించినదానికన్నా అది చాలా మర్యాదగానే ఉండేది.

రోజూ గేటు దగ్గర మామను చూడటం అల్లుడికి నామోషీ అయింది. చివరికి ఒక సాయంత్రం నలుగురి ముందే పందెం వేశాడు. రేపు ఒక వరుసలో ఏదో ఒక సాంచెకు అరిగిన పిక్కర్ వేస్తాను. బూచ్‌లు పెట్టుకుని వచ్చి అదేదో పట్టుకో. పట్టుకుంటే షెడ్డంతా పెట్టుకుంటాం. పట్టుకోలేకపోతే మళ్ళీ గేటు దగ్గర కనబడొద్దు. సరేనన్నాను.

చెవులు లేకపోతేనేం అనుకున్నాను. సాంచె ఇనుప చట్రం మీద అరచేయి వేస్తే దెబ్బ ఎలా పడుతోందో తెలుస్తుంది. నా అరచేతులు నాకు తెలుసు, ఆ ఇనుము నాకు తెలుసు. ఇంతమందిని తప్పుదారి పట్టించినవాణ్ణి, కనీసం ఒక్కపూట గెలిచి చూపించి దిద్దుకుందామనుకున్నాను. ఆ మాటలో పశ్చాత్తాపం ఎంత ఉందో, పాత మొనగాడి పొగరు ఎంత ఉందో నాకు తెలియదు.

మర్నాడు బూచ్‌లు పెట్టుకుని లోపలికి వెళ్ళాను. వరుస మొత్తం నడుస్తోంది. కార్మికులంతా తమ సాంచెలు వదలకుండానే నన్ను చూస్తున్నారు. నా స్నేహితుడు కూడా వచ్చి, చెవుల్లో పత్తితో, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్ళకు ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. నేను ఒక్కొక్క సాంచె చట్రం మీద చేయి వేస్తూ నడిచాను. నేల అదురూ పక్క సాంచెల అదురూ అన్నీ కలిసిపోయాయి. ఒకచోట దెబ్బ మెత్తగా ఉన్నట్టు తోచింది. అది కాదేమో అని ముందుకెళ్ళి, వెనక్కి వచ్చి, దాని మీదే చేయి పెట్టి చూపించాను.

అల్లుడు తల అడ్డంగా ఊపాడు. కార్మికులు నవ్వడం వాళ్ళ నోళ్ళు చూస్తే తెలిసింది.

బూచ్‌లు తీసి మెడలో వేలాడేసుకున్నాను. ఇంకొక్కసారి అని సైగ చేశాను. అల్లుడు అక్కర్లేదన్నట్టు చేయి ఊపాడు కానీ నేను అప్పటికే నడుస్తున్నాను. ఈసారి చెవులు తెరిచి, తల వంచి, నా కాలంలో నడిచినట్టే నడిచాను. కళ్ళు మూసుకుంటే ఆ వరుసలో ప్రతి సాంచె గొంతూ నాకు తెలిసి ఉండేది ఒకప్పుడు. ఇప్పుడు అంతా ఒకే మొద్దు మోత. దానిపైన నా తలలో ఎప్పుడూ ఉండే ఒక ఈల. వరుస చివరిదాకా వెళ్ళి, ఒకదాన్ని చూపించాను. ఎందుకు చూపించానో నాకే తెలియదు.

అదీ కాదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను పిడికిలి ఎత్తాను. అన్నీ ఆపమని. కార్మికులు అల్లుడి వైపు చూశారు, అతను తల ఊపాడు. ఒక్కొక్కటిగా సాంచెలన్నీ ఆగాయి.

"ఇందాక బూచ్‌లు పెట్టుకోని ఓడిన," అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా ఉందో నాకు తెలియడం లేదు. "గిప్పుడు తీసి ఓడిన. నాకు రెండూ ఒక్కటే. చెవులు తెరిచి పెట్టు, సాంచె మాట ఇనవడ్తది అని మీ అందరికి చెప్పిన. నలభై ఏండ్లు నేను తెరిచే పెట్టుకున్న. ఇగో, గీ తలల ఈల ఒక్కటే ఇనవడ్తుంది నాకు. పందెం ఓడిపోయిన, రేపటిసంది గేటుకాడికి రాను. కానీ ఓడింది బూచ్‌లు గాదు. ఓడింది నా తరీఖ, నేను నేర్పిన పద్ధతి."

ఎవరైనా ఏమైనా అన్నారేమో, నాకు చేరలేదు. నేను తలుపు వైపు నడిచాను. అల్లుడు వెనక నుంచి వచ్చి నా భుజం పట్టుకుని ఆపాడు. అతని ముఖం ఎర్రగా ఉంది. నేను పట్టుకోలేకపోయిన సాంచె ఏదో, పిక్కర్ వేసింది తనే కాకపోయినా, అతనికి పాతికడుగుల దూరం నుంచి తెలిసేది. నా దగ్గర పని నేర్చుకునే రోజుల్లో నేను అతనికి ఎంత దూరం నుంచి చెప్పేవాణ్ణో కూడా అతనికి గుర్తుంది. అతను అప్పుడు చూస్తున్నది నన్ను కాదని, తన రేపటినని నాకు అనిపించింది.

నా మెడలోంచి తాడు తీసుకున్నాడు. బూచ్‌లను చొక్కాకు తుడిచాడు. నా కాలం నాటి ఆ పెద్ద కార్మికుణ్ణి పిలిచి, పిక్కర్ తీసి తనకు తెలియకుండా వేరే సాంచెకు వేయమని చెప్పి, నన్ను తీసుకుని బయటికి వచ్చాడు. ఎండలో నిలబడ్డాం. లోపల మళ్ళీ సాంచెలు మొదలయ్యాయి, గోడ అదురు చేతికి తెలిసింది.

బూచ్‌లు చెవుల్లో గట్టిగా దూర్చుకుని లోపలికి వెళ్ళాడు. నేను తలుపులోంచి చూశాను. మొదటిసారి వరుస మొత్తం దాటిపోయాడు. కార్మికులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతను చివర ఆగి, బూచ్‌లను వేళ్ళతో ఇంకా లోపలికి నొక్కుకుని, వెనక్కి తిరిగాడు. మెల్లగా వచ్చాడు. మధ్యలో ఒక సాంచె దగ్గర తల వంచి నిలబడ్డాడు. పక్కదానికి వెళ్ళి మళ్ళీ దాని దగ్గరికే వచ్చాడు. చేయెత్తి ఆపమన్నాడు.

పెద్ద కార్మికుడు వంగి, పిక్కర్ ఊడదీసి, అందరికీ కనబడేలా పైకి పట్టుకున్నాడు.

తర్వాత అల్లుడు నాతో చెప్పిన మాట ఇది: చెవులు మూసుకుంటే మోత అంతా దూరం జరిగి, తేడాగా పడే దెబ్బ ఒక్కటీ దగ్గరికి వచ్చిందట. అలవాటు కావడానికి కొన్ని రోజులు పట్టిందట. జాబర్ పెట్టుకున్నాక మాలక్ అడ్డు చెప్పలేదు. షెడ్డులో అందరూ పెట్టుకోవడం లేదు. కొందరు మెడలో వేలాడేసుకుని తిరుగుతారు, అల్లుడు కనబడితే చెవుల్లో పెట్టుకుంటారు. కొందరు చెమటకు దురద అంటారు. అతను వాళ్ళ వెంటపడుతూనే ఉన్నాడు. నేను ఒక్కసారి పత్తి లాగితే షెడ్డంతా విన్నది. పెట్టుకోమని చెప్పడానికి రోజూ చెప్పాల్సి వస్తోంది. చెడగొట్టడానికీ బాగుచేయడానికీ పట్టే సమయంలో ఆ తేడా మీరు గుర్తుపెట్టుకోండి.

నేను పందెం ఓడిపోయాను కాబట్టి ఆ గేటు దగ్గరికి వెళ్ళడం లేదు. ఇప్పుడు పక్క సందులో ఉన్న షెడ్డుకు వెళ్తున్నాను. అక్కడి మాలక్ నన్ను లోపలికి రానివ్వలేదు, మా కార్మికులకు లేనిపోనివి నేర్పొద్దన్నాడు. సరేనన్నాను. గేటు ఎదురుగా ఒక అరుగు ఉంది. దాని మీద కూర్చోవడానికి ఆయన అనుమతి అక్కర్లేదు.